ఇత్తడి బిళ్ళ

నవోమి సూట్‌కేసులో భర్త చొక్కాలు సర్దుతోంది. రెండు వారాలుండి పోదామని అమెరికాలో నేపర్‌విల్‌లో ఉన్న బావగారింటికి వచ్చారు. రేపే ఇంగ్లండ్‌కి తిరుగు ప్రయాణం.

"ఏవండీ, మీ ఇత్తడి బిళ్ళేదీ? షేవింగ్ సంచీలో లేదు."

ఇంగ్లండ్‌లో భర్త పనిచేసే బొగ్గుగనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ళ ఒకటి ఉంటుంది. సమ్మె మొదలై తొమ్మిది నెలలైనా అక్కడ ఎవరూ దాన్ని వదులుకోలేదు.

"బిళ్ళ లేకపోతే ఫ్లైట్ ఎక్కనివ్వరా ఏంటి?" తోడికోడలు లూసీ నవ్వింది.

ఏసుపాదం నవ్వలేదు. "ఇచ్చేశాను."

"ఎవరికి?"

"గని ఆఫీసులో. మనం బయల్దేరే ముందురోజు. అన్నయ్య ఇక్కడ జాబ్ చూశాడు."

బిళ్ళ ఇచ్చేస్తే పని మానేసినట్టే. పని పోతే ఇల్లూ పోతుంది. ఆ వీధిలో ఇళ్ళన్నీ అక్కడి భూస్వామి దొరగారివి. గనితో ఒప్పందం ప్రకారం అందులో పనిచేసేవాళ్ళకు తప్ప ఇవ్వరు.

"పక్కింటి మార్గరెట్‌కి తాళం ఇచ్చి వచ్చానే! సమ్మెలో ఉన్న వీధి మొత్తానికీ మన పొయ్యి మీదే కదండీ వంట! నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు వచ్చేదానివా?"

లూసీ తల దించుకుంది. అంటే ఆమెకీ తెలుసు.

నవోమి భర్త చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

"ఒక్కదానివే వెళ్ళి ఏం చేస్తావే?" అన్నాడు ఏసుపాదం.

"ఖాళీ చేయించేవాళ్ళు వచ్చేలోగా మార్గరెట్‌కి నా నోటితో నేను చెప్పుకోవాలి."

1984 డిసెంబరు ఎనిమిదిన నవోమి ఒంటరిగా విమానం ఎక్కింది. ఏసుపాదం దగ్గరికి మళ్ళీ రాలేదు.