తాతబ్బాయిగారి కారు బేరం

"బాబుగారండీ, ఇక బయటికి రండి. మాస్టారు కాఫీ తెచ్చేరు," అని డ్రైవరు బుజ్జిబాబు వంగి పిలిచాడు.

కారు కింద నుంచి ముందు రెండు కాళ్లు, తర్వాత మట్టి అంటిన తెల్లపంచె, ఆఖర్న టార్చిలైటుతో సహా తాతబ్బాయిగారు బయటపడ్డారు.

"ఎక్కడా తుప్పు లేదోయ్," అన్నారు, అదేదో తన ఓటమైనట్టు.

రాజోలులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన జీవరత్నంగారు అమ్మకానికి పెట్టిన కారు అది. ఆరేళ్లుగా తాతబ్బాయిగారు చూస్తున్న కార్లలో ఇరవై మూడోది.

ఆయనది ఐనవిల్లి దగ్గర పల్లె. వరి ఉంది, కొబ్బరి ఉంది, ఏ లోటూ లేదు. ఇంట్లో ఉండేది ఆయనా, భార్య సూరమ్మగారూ. ఆవిడ పుట్టింటివారిచ్చిన రెండెకరాల కొబ్బరితోట రాబడి ఆవిడదే, దాని జోలికి ఈయన ఏనాడూ వెళ్లలేదు. ఇక కారంటారా, ఒకసారి కొంటే ఈ జన్మకి ఇంకోటి కొనే పని ఉండకూడదని ఆయన పట్టుదల. డీజిలు తక్కువ తాగాలి, దారిలో ఆగిపోకూడదు, ఇరవై ఏళ్లు నిలవాలి. తండ్రి కొన్న గొడుగునే గుడ్డ మార్పించి వాడుతున్న మనిషి మరి!

ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారి కారు చూడబోతే సీటు కింద చీమల బారు కనిపించింది. నెయ్యీ బెల్లమూ ఎన్నాళ్లు ఒలికాయో ఏమో! కొత్తపేటలో ఇంకో బండి నిగనిగలాడింది గానీ, బుజ్జిబాబు తలుపు తీసి వాసన చూసి, "తొంభయ్యారు తుఫాన్లో మునిగిన బండండి ఇది," అనేశాడు. అమ్మేవాడి మొహం మాడిపోయింది.

ఏ ఊరు వెళ్లినా బుజ్జిబాబు తోలే అద్దె అంబాసిడర్‌లోనే. ఫోను కొడితే చాలు, వాలిపోతాడు. ఇలా ఆరేళ్లు తిరుగుతున్నా సూరమ్మగారు ఒక్కనాడూ విసుక్కోలేదు. "నిదానంగా చూసుకోండి, తొందరేముంది? బుజ్జిబాబు అద్దె మాత్రం ఏ పూటది ఆ పూటే ఇచ్చేయండి, పాపం పిల్లలుగలవాడు," అనేవారు.

ఆ కారుతో తాతబ్బాయిగారికి ఒక్కటే బాధ. చుట్ట వెలిగించబోతే, "వద్దండి, మా ఓనరుగారికి ఆ వాసన పడదండి," అంటూ బుజ్జిబాబు అడ్డుపడేవాడు. ఇంట్లోనూ లేదు, అద్దె కార్లోనూ లేదు, నా బతుకింతేనని ఆయన గొణుక్కునేవారు.

ఈసారి మాత్రం తొందర వచ్చి పడింది. మొన్న అమలాపురంలో ఒక పెళ్లిలో ఎవరో, "ఇంకా అద్దె కారేనా వదినా మీకు?" అంటే సూరమ్మగారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు ఈయనకి ముల్లులా గుచ్చుకుంది. పెళ్లయి ముప్ఫై ఎనిమిదేళ్లు, నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. "వచ్చే కార్తీక సోమవారం నిన్ను సొంత కార్లో ద్రాక్షారామం తీసుకెళ్లకపోతే నా పేరు తాతబ్బాయే కాదు," అని పెళ్లిపందిట్లోనే శపథం చేసేశారు. ఆ సోమవారానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది.

"వానాకాలం ఒక్క దెబ్బకే స్టార్టవుతుందాండి?" అని అడిగారు కాఫీ ఊదుకుంటూ.

"అవుతుందండి," అన్నారు జీవరత్నంగారు.

"ఎత్తు ఎక్కేటప్పుడు మూలగదు కదండీ?"

"మూలగదండి."

"ఇరవై ఏళ్లు నిలుస్తుందని హామీ ఇస్తారా?"

జీవరత్నంగారు గ్లాసు కింద పెట్టేశారు. "తాతబ్బాయిగారూ, నేనే ఇరవై ఏళ్లుంటానని నాకు హామీ లేదండి, అంతా ప్రభువు దయ! ఒక్క మాట చెప్పండి. ఇన్ని ఊళ్లు తిరిగేరు కదా, ఏ బండిలో తిరిగేరు?"

"ఇదిగో, ఈ బుజ్జిబాబు బండిలోనేనండి. ఆరేళ్ల నుంచీ."

"ఎక్కడన్నా ఆగిపోయిందా?"

"ఒక్కనాడూ లేదండి."

"డీజిలు ఎక్కువ తాగుతుందా?"

"తాగితే మా ఓనరుగారు ఊరుకోరండి," అన్నాడు బుజ్జిబాబు.

"మరింకేం కావాలండీ మీకు? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు!"

 తాతబ్బాయిగారు లేచి వెళ్లి అంబాసిడర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ నిమిరి, "బుజ్జీ, ఈ బండి నాకిప్పించెయ్యి," అన్నారు.

బుజ్జిబాబు మొహం పాలిపోయింది.

"నీ ఉద్యోగానికేం ఢోకా లేదోయ్, డ్రైవరువి నువ్వే."

"అది కాదండి, ఓనరుగారు ఒప్పుకోవాలి కదండీ."

"ఎవరోయ్ ఆ ఓనరు?"

"పేరు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి."

"చెప్పకు. తీసుకెళ్లి ఎదురుగా నిలబెట్టు. కాళ్లావేళ్లా పడైనా కొంటాను. మా ఆవిడకి మాటిచ్చేనోయ్!" అన్నారు. 

బుజ్జిబాబు కాసేపు తల గోక్కున్నాడు. "ఆయ్, ఎక్కండి," అన్నాడు చివరికి.

దారి పొడుగునా తాతబ్బాయిగారు బేరం మాటలు వల్లెవేసుకున్నారు. అమలాపురం దాటి కారు ఐనవిల్లి రోడ్డెక్కేసరికి ఉలిక్కిపడ్డారు.

"మా ఊరివాడేనటోయ్?"

"ఆయ్."

ఎవడబ్బా? బంగారరాజా? ఛీ, వాడు సైకిల్లో గాలి కొట్టించడానికే పది రోజులు ఆలోచిస్తాడు! బుల్లిరాజా? వాడి పక్కన కూర్చుంటే చుట్టల కంపే, వాడూ కాదు. ఆయన ఇలా ఊరంతా జల్లెడ పడుతుండగానే కారు తిన్నగా ఆయన వాకిట్లోకే వచ్చి ఆగింది.

"ఇక్కడెందుకు ఆపేవోయ్? ముందు ఓనరు దగ్గరికి పదమన్నానా!" అని కసురుకున్నారు.

 బుజ్జిబాబు కారు దిగి, భుజం మీద తువ్వాలు తీసి, అరుగు మీద చీపురుకి కొబ్బరీనెలు చీరుకుంటున్న సూరమ్మగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారండీ, మన బండికి బేరం వచ్చిందండి!"