నాలుగోవాడి చోటు

"సీజన్‌కి ముగ్గురు రన్నింగ్ బ్యాకులు చాలక్కా. నాలుగోవాణ్ణి ఏ కోచ్ ఉంచుకుంటాడు?" అంటూ లూథర్ తిని వదిలేసిన పక్కటెముకల్ని పళ్ళెంలో వరసగా పేర్చి, చివరిదాన్ని పక్కకి నెట్టేశాడు.

"చాల్లేరా. ఆ నాలుగోవాడు నీ మేనల్లుడు," అంది వెర్నీస్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్‌గా బంతి పట్టుకుని పరిగెత్తడం తప్ప ఆమె కొడుకు డేమన్‌కి ఇంకో పని రాదాయె. జట్టులో ఎవరుంటారో మంగళవారానికల్లా తేలిపోతుంది.

అంతలో డేమనే ఫోన్ చేశాడు. వెర్నీస్ స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నాకు చోటు దొరికినట్టే. పొద్దున ప్రాక్టీసులో మూడోవాడు మార్లోకి మోకాలు పోయింది."

లూథర్ బల్ల గుద్ది నవ్వాడు.

"ఏ మార్లోరా? మొన్న ఆటలో వానొస్తే వాళ్ళమ్మ నన్ను తన గొడుగులోకి లాక్కుంది, ఆవిడ కొడుకేనా?" అంది వెర్నీస్.

"వాడేనమ్మా." డేమన్ గొంతులో సంతోషం లేదు.

ఫోన్ పెట్టేశాక లూథర్ అన్నాడు: "పోయిన ఆదివారం చర్చిలో లేచి, నా కొడుక్కి చోటు చెయ్యి ప్రభువా అని అందరిచేతా ప్రార్థన చేయించావుగా. అడిగింది దొరికితే మళ్ళీ లేచి, ప్రభువు నాకిది చేశాడని అందరిముందూ సాక్ష్యం చెప్పాలి. రేపు ఆదివారం నీ వంతు."



"ప్రభువు ఏం చేశాడని చెప్పనురా?" అంది వెర్నీస్.