పొట్టి రివాల్వర్

"ఆంటీ, మళ్లీ కళ్లు మూసేశారు," అంది సాన్వి.

"మూయలేదమ్మా. రెప్ప పడింది."

"కాల్చే ముందు పడింది. అది మూయడమే."

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో హైవే పక్కనున్న షూటింగ్ రేంజ్ అది. సాన్వి అక్కడ నేర్పే పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు కాస్త తడబడుతుంది గానీ ఓపిక ఎక్కువ. రాజేశ్వరమ్మకి ఓపికున్న మనిషే కావాలి. ఆవిడకి ప్రతిదీ భయమే. బుల్లెట్ గోడకి తగిలి వెనక్కొస్తుందేమోనని భయం. చెవులకి పెట్టుకున్న మూతలు జారతాయేమోనని భయం. అద్దం అవతల కుర్చీలో ప్రణీత ఒక్క క్షణం కనపడకపోతే ఇంక చెప్పక్కర్లేదు.

"ప్రణీతక్క ఎందుకు నేర్చుకోదు?" అని మొదటి రోజే అడిగింది సాన్వి.

"తను వీసా మీదుంది కదా. వీసా వాళ్లు తుపాకీ ముట్టుకోకూడదట. నాకు గ్రీన్‌కార్డుంది."

ప్రణీత మొగుడు సిటిజన్. అయినా పెళ్లానికి గ్రీన్‌కార్డు పేపర్లు వేయలేదు. వేస్తే చెప్పుచేతల్లో ఉండదని. కిందటేడు ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. పాప చూస్తుండగా మెడ మీద కాలు పెట్టి తొక్కాడు. ఈ సోమవారం జైల్లోంచి వదులుతున్నారు. ఇంటి ఛాయలకి రాకూడదని కోర్టు చెప్పింది. చెప్తే వినే మనిషైతే వ్యవహారం కోర్టుదాకా ఎందుకొస్తుంది? వచ్చాక దాని సంగతి తేలుస్తానని జైల్లోంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు. చెప్పింది రాజేశ్వరమ్మకే.

అందుకే ఈ రివాల్వర్. ప్రస్తుతానికి రేంజ్ వాళ్లదే, చెయ్యి కుదిరితే కొనుక్కోవాలి. అయిదు బుల్లెట్లు పడతాయి. గొట్టం బొటనవేలంత. పక్క వరసలో వాళ్లు కాల్చే వాటి ముందు బొమ్మలా ఉంటుంది.

"చిన్నది కదా అని ఈజీ అనుకోకండి. చిన్నదే ఎక్కువ తంతుంది," అంది సాన్వి.

తన్నింది కూడా. మొదటి వారం బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయి, చింతపండు పిసకలేకపోయింది.

అయినా ఆవిడకి అది నచ్చింది. పైకి చెప్పుకోడానికి సిగ్గుపడేటంత నచ్చింది. అరచేతిలో పచ్చడిబండలా ఒదిగిపోయేది. చక్రం పక్కకి తెరుచుకోవడం, బుల్లెట్లు ఒక్కోటీ గూట్లోకి దిగడం, మళ్లీ టక్కుమని మూసుకోవడం, అదొక తృప్తి. ఇంట్లో తలుపు గడియ పదిసార్లు చూసుకునే మనిషికి ఇక్కడ చెయ్యి కుదురుగా ఉండేది. పోయిన వారం గుండ్రటి గీతల కాయితం మీద బుల్లెట్లన్నీ నడిమధ్యన పడ్డాయి. ఆవిడ నవ్వింది. అద్దం అవతల ప్రణీతా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"మీ అమ్మాయి లక్కీ ఆంటీ," అంది సాన్వి. "మా మమ్మీకి ఇది ఇస్తే ఫస్ట్ నన్నే కాలుస్తుంది."

రాజేశ్వరమ్మ వంగి కింద పడ్డ ఖాళీ బుల్లెట్ తొడుగులు ఏరింది.

ఇవాళ సాన్వి కాయితం మార్చింది. మనిషి బొమ్మ.

"ఇంత హైట్ ఉంటాడా ఆంటీ?"

"ఇంకాస్త పొడుగు. ఎడమ భుజం కొద్దిగా వాలి ఉంటుంది."

"బాగా నోటీస్ చేశారే."

"చూస్తూనే ఉన్నాగా."

ట్రిగ్గర్ నొక్కింది. బొమ్మకి ఎక్కడా తగల్లేదు. మళ్లీ నొక్కింది. మోకాలి పక్కనుంచి పోయింది.

"కాలికి తగిలితే పడిపోడా అమ్మా? పోలీసులు వచ్చేదాకా పడుంటే చాలు."

సాన్వి రివాల్వర్ తీసుకుని చక్రం తెరిచి బల్ల మీద పెట్టింది. "కాలు కదులుతుంది. గొట్టం ఇంత పొట్టిది. మీరు మిస్ అవుతారు. తను అవ్వడు. ఛాతీ మధ్యలో కొట్టాలి, ఇంకెక్కడా చూడొద్దు. అది కుదరదంటే, ప్లీజ్, ఇది కొనకండి."

రాజేశ్వరమ్మ బయటికొచ్చింది. ప్రణీత మంచినీళ్ల సీసా అందించింది.

"మీకిది వద్దు. వదిలేద్దాం. నేనూ పాపా ఎక్కడికైనా పోతాం."

"ఎక్కడికి పోతావు? ఉద్యోగం పోతే వీసా పోయె. వీసా పోతే, పాపని దేశం దాటనివ్వరు, ఇక్కడ అతని దగ్గర వదిలి విమానం ఎక్కుతావా?"

ప్రణీత సీసా వెనక్కి తీసుకుని మూత బిగించింది.

"కూర్చో. వస్తా," అంది రాజేశ్వరమ్మ.

లోపలికెళ్లి తనే బుల్లెట్లు ఎక్కించుకుంది. మోచేతులు బిగించింది. ఈసారి రెప్ప పడలేదు. అయిదూ అయిపోయాక కూడా ఖాళీ రివాల్వర్ అలాగే పట్టుకుని నిలబడితే, సాన్వి మెల్లగా చేతిలోంచి తీసుకుంది.

మీట నొక్కగానే బొమ్మ దగ్గరికి జరిగొచ్చింది. అయిదు చిల్లులూ ఛాతీ మధ్యలో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"పర్ఫెక్ట్ ఆంటీ," అంది సాన్వి.

రాజేశ్వరమ్మ ఆ చిల్లుల మీద అరచెయ్యి ఆనించింది. చిన్నప్పుడు జలుబు చేసినప్పుడల్లా కర్పూరం నూనె వెచ్చచేసి, ఈ సోమవారం విడుదలయ్యే తన కొడుక్కి ఆవిడ రాసింది సరిగ్గా అక్కడే.