సగం కరెంటు

"ఏడువందలు వద్దు సార్. మూడువందల యాభై చాలు."

మీటరక్క ఆ మాట అనడం పొద్దుట్నుంచి అది నాలుగోసారి. ఎప్పుడూ మెడలో తాడుకు కరెంటు కొలిచే మల్టీమీటరు వేలాడుతుంటుంది కాబట్టి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరుతో పిలిచేవాళ్లు అక్కడెవరూ లేరు.

కంపెనీ పంపిన ఇంజినీరు ఆమె మాట చెవిన పెట్టలేదు. నిచ్చెన మీద నిలబడి, దీపాలకు కరెంటు అందించే డ్రైవరు పెట్టెలోని చిన్న మరను తిప్పాడు. కరెంటు ఏడువందల మిల్లీఆంపులకు చేరింది. అరల్లో పాలకూర పెంచే, కిటికీలు లేని ఆ పాత గోదాము ఒక్కసారిగా తెల్లగా వెలిగిపోయింది. వాకిట్లో నిలబడ్డ అధికారి మేడమ్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వెలుగంటే ఇలా ఉండాలి అని మెచ్చుకుంది.

మీటరక్కకు ఒళ్లు మండిపోయింది.

ఎల్ఈడీకి కరెంటు రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు కాదు. వేడి మాత్రం రెట్టింపు దాటిపోతుంది. ఆ వేడికి దీపాలు తొందరగా మసకబారతాయి. ఈ సంగతి ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. కిందటిసారి బిగించిన లైట్లు కూడా ఇలాగే ధగధగలాడి, ఏడాదిన్నరకే గుడ్డివైపోయాయి. కొత్తవి మంజూరు కావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ గదికి తాళం పడింది. ఆమెను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు.

చెల్లెలింట్లో ఉండి చదువుకుంటున్న కూతురు ప్రతి ఆదివారం ఫోనులో మొక్కలు ఎంత ఎత్తు పెరిగాయని అడిగేది. ఈమె లేని మొక్కలకు ఎత్తు కల్పించి చెప్పేది. పసిదానికి మూడేళ్లు తనచేత అబద్ధాలు చెప్పించారన్న కోపం ఆమెలో ఇంకా చల్లారలేదు.

సగం కరెంటు పెట్టి, తొమ్మిది గంటలకు బదులు పదహారు గంటలు వెలిగిస్తే మొక్కకు అందే వెలుగు అంతే ఉంటుందని లెక్క కట్టి చూపించింది. బిల్లు కూడా పెరగదంది. ఆపడానికి టైమరు ఎలాగూ ఉందంది.

ఇంజినీరు ఆమెను వదిలేసి మేడమ్ వైపు తిరిగాడు. "మూడేళ్లు గ్యారంటీ ఇస్తున్నాం మేడమ్. ఆ తర్వాత సంగతి మనకెందుకు? అప్పటికి ఇక్కడ మీరుంటారా, నేనుంటానా?"

"నాకు వచ్చే ఏడాదే బదిలీ," అని మేడమ్ నవ్వింది.

మీటరక్క నవ్వలేదు. కోపమొస్తే తనకు ముందూ వెనకా కనపడదని ఆమెకు తెలుసు. ఒకప్పుడు ఆ కోపమే ఆమె కాపురాన్ని నేలమట్టం చేసింది. అందుకే చేతిలోని స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మరీ మాట్లాడింది.

"మీరిద్దరూ ఉండరు, నిజమే. గది ఉంటుంది కదా మేడమ్."

మేడమ్ నవ్వు ఆగిపోయింది. ఒక అర ఇంజినీరు చెప్పినట్టు, ఇంకొకటి ఈమె చెప్పినట్టు మూడు వారాలు నడిపి చూడమంది.

రెండోవారంలో ఒకరోజు మీటరక్క వచ్చేసరికి ఆమె అర కూడా ధగధగా వెలుగుతోంది. ఎవరో మర తిప్పేశారు. ఆరా తీస్తే వంటశాలలో పనిచేసే, అందరూ వదినా అని పిలిచే ఆవిడ పని అని తేలింది. మీటరక్క ఆమెను నలుగురిలో నిలబెట్టి దులిపేసింది.

వదిన బిక్కమొహం వేసింది. "వచ్చే నెల వెళ్లిపోతున్నాను కదే. ఈలోపు ఒక్కసారి తాజా ఆకు వండుదామని ఆశపడ్డాను."

"నువ్వు పోతావు, వాళ్లు పోతారు. అందరూ పోయేవాళ్లే. మీ తొందర నా దీపాల మీద చూపించొద్దు."

ఆ తర్వాత రెండు రోజులు వదినతో మాట్లాడలేదు. మరను మళ్లీ వెనక్కి తిప్పి, మైనం కరిగించి పోసి, దాని మీద తన వేలిముద్ర వేసింది.

మూడు వారాలు గడిచాయి. ఇంజినీరు మళ్లీ వచ్చాడు. అతని అరలో ఆకుల అంచులు మాడి, పాత కాగితాల్లా చిట్లాయి. దీపాల వెనక రేకును పట్టుకోబోయి, చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండో అరలో రేకు గోరువెచ్చగా ఉంది. రెండు అరల పాలకూరనూ మేడమ్ ఎదుటే కోసి తూచారు. మాడినవి ఏరి పారేస్తే మీటరక్క అరదే మొగ్గు.

"అన్నిటికీ మూడువందల యాభై పెట్టెయ్యండి," అంది మేడమ్.

ఇంజినీరు మొహం మాడ్చుకుని ఒక్కో పెట్టె మూత తీసి మర తగ్గించుకుంటూ పోయాడు. మీటరక్క ప్రతి పెట్టె దగ్గరా మీటరు పెట్టి చూసింది. ఒకచోట మూడువందల అరవై వచ్చింది. మళ్లీ తిప్పించింది. అతను సణిగాడు. ఈమె పట్టించుకోలేదు.

కాగితం మీద సంతకం పెడుతూ అతను ఉక్రోషం పట్టలేకపోయాడు. "ఇలా నడిపితే ఇవి పద్నాలుగేళ్లు వస్తాయి. అన్నేళ్లు మన్నే లైట్లు ఎవరిక్కావాలి?"

మీటరక్క టైమరును పదహారు గంటలకు తిప్పింది.

ఆరింటి బెల్లు మోగగానే ఆమె పనిముట్లు లెక్క ప్రకారం అప్పగించి, వరుసలో నిలబడి, తన నంబరు పిలిస్తే పలికి, ఇంకా పదమూడేళ్లు ఉండాల్సిన సెల్లులోకి వెళ్లింది, వార్డరు బయటనుంచి తాళం వేసింది.