పిచ్చుక బరువు

“పిచ్చుక మళ్ళీ పోయింది,” అన్నాడు టైలరు నవ్వాపుకోలేక.

తెర మీద బుల్లి ఇనుప యంత్రం ఒకటి పొగలు కక్కుతూ కూలబడింది.

“పోతే పోయింది. నాకు తగలాల్సిన గుండు దానికి తగిలింది,” అన్నాడు ఏనుగు. మీట నొక్కాడు. ఎదుటి జట్టులో ఆఖరివాడు కూలాడు.

గెలిచారు.

ఆ నలుగురూ ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నవాళ్ళు కారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, మైకుల్లో కబుర్లాడుకుంటూ, రాక్షసుల్లాంటి యంత్రాలెక్కి కొట్టుకునే ఆట అది. టైలరు, లెక్కల మాస్టారు, పెద్ద యంత్రం నడుపుతాడు కనుక ఏనుగని పేరు పడ్డ కుర్రాడు. నాలుగోది పిచ్చుక. ఎవరో, ఎక్కడివాడో తెలియదు. ఓనాడు “చోటుందా?” అని రాసి వచ్చి చేరాడు. మైకు లేదట. ఏం చెప్పినా రెండు ముక్కలు రాయడమే.

ఆ ఆటకొక కట్టుబాటుంది. నాలుగు యంత్రాల బరువూ కలిపి హద్దు దాటకూడదు. ఒకరు లావుది ఎక్కితే ఇంకొకరు సన్నదానితో సరిపెట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్దది ఏనుగుకే కావాలి. ఎవరూ ముట్టని చిన్నది పిచ్చుక తీసుకునేవాడు.

“కాస్త పెద్దది ఎక్కవయ్యా, పాపం,” అంటే, “నాకిది చాలు” అని రాసేవాడు.

“గురి లేదు, వేగం లేదు. ఒంటి చేత్తో ఆడుతున్నాడో ఏమో,” అన్నాడు టైలరు.

“నిద్దట్లో ఆడుతున్నాడు,” అన్నాడు ఏనుగు.

ఇంతలో ఏనుగు ఫోను మోగింది. బావ.

“అక్కకి ఒంట్లో ఏం బాగోలేదురా. ఆసుపత్రిలో చేర్చాం. ఓసారి వచ్చి చూసి పో.”

“పెద్ద పోటీ ఉంది బావా. అది గెలిస్తేనే పై జట్టులోకి తీసుకుంటారు. అయ్యాక వస్తాను.”

“పంతాలకి వేళ కాదురా ఇది.”

“పంతం నాదా? ఒక్కనాడు నా పక్కన కూర్చుని చూసిందా? నా ఆట చూడని మనిషి నన్ను చూడక్కర్లేదు.”

అమ్మా నాన్నా పోయాక చంకనెత్తుకుని పెంచిన అక్క ఆవిడ. “ఈ బొమ్మల కొట్లాట కూడు పెడుతుందట్రా?” అని ఒక్క మాట అంది. అంతే, ఒంటికాలి మీద లేచి, ఇప్పుడు బావతో అన్న మాటే ఆవిడ ముఖాన కొట్టి, వేరే గది తీసుకున్నాడు. మళ్ళీ అటు తొంగి చూడలేదు.

పోటీ దగ్గరపడింది.

“పిచ్చుకని తీసేద్దాం. మంచి గురిగాడు ఒకడు దొరికాడు,” అన్నాడు ఏనుగు.

మాస్టారు నసిగాడు. “నీకు అడ్డం పడేది వాడేరా.”

“అడ్డం పడ్డం కూడా ఓ ఆటేనా మాస్టారూ?”

పిచ్చుకకి రాసేశాడు: “ఇక రావద్దు. నీకు ఆట రాదు.”

చాలాసేపటికి జవాబొచ్చింది. “సరే. నీ ఆట చూడముచ్చటగా ఉంటుంది.”

‘వీడి మెప్పు ఎవడికి కావాలి’ అనుకుని మూసేశాడు.

పోటీ రోజున కొత్తవాడు మైకులో విసుక్కున్నాడు. “ఆ బుల్లిదా? నేనెక్కను.”

బరువు హద్దు దాటింది. ఏనుగు పెద్దది దిగి, మధ్యరకం దానితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మొదటి గుండే వచ్చి వాడి గుండెల్లో దిగింది. అడ్డం పడేవాళ్ళు లేరు.

ఓడిపోయారు. ఆట చూస్తున్న పై జట్టువాళ్ళు వెళ్ళిపోయారు.

“ఇన్నాళ్ళూ నువ్వు ఎక్కిన బరువంతా వాడు దిగిన బరువేరా,” అన్నాడు మాస్టారు.

ఏనుగు పిచ్చుకకి రాశాడు: “వస్తావా? నీ చోటు అలాగే ఉంది.”

జవాబు లేదు.

ఫోను మాత్రం మోగింది. బావ. ఏడుపు వినిపించింది.

ఆసుపత్రి వరండాలో గోడకి జారగిలబడి ఉన్నాడు బావ.

“కుడి చేతికి సూది పెట్టారురా. ఎడం చేత్తోనే ఫోను పట్టుకుని ఏదో నొక్కుకుంటూ ఉండేది. ఓ పక్కన పెట్టవే అంటే వినేది కాదు. మంచం ఇరుకు, వేరే గదికి మారుద్దామంటే, నాకిది చాలు అంది.”

“ఏమంది?”

“నాకిది చాలు అంది.”

చిన్నప్పుడు ఇంట్లో ఒకటే దుప్పటి. అంతా తమ్ముడికి కప్పి, అంచు మాత్రం తన మీదికి లాక్కుని అక్క అనే మాట అది.

బావ అక్క ఫోను ఏనుగు చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే, తెర మీద తమ ఆటే.

“వస్తావా?” అన్న తన పిలుపు ఎవరూ చదవక అలాగే ఉంది, దాని పక్కనే, అన్నిటికన్నా చిన్న యంత్రమెక్కి, పిచ్చుక సిద్ధంగా నిలబడి ఉంది.