ఇరవై ఒకటో పూస

చరిత ఫ్లాట్‌కు తాళం వేస్తుండగా ఎవరూ పట్టి లాగకుండానే చేతికున్న బ్రాస్‌లెట్ పుటుక్కున తెగింది. నల్ల స్ఫటికం పూసలు టపటపా రాలి కారిడార్ అంతా దొర్లిపోయాయి.

"అయ్యయ్యో!" అంటూ మోకాళ్ళ మీద కూలబడింది చరిత.

ఆ కేకకు ఎదురు ఫ్లాట్‌లోంచి జీనత్ బయటికొచ్చింది. ఆవిడది బోధన్. ఈ ఎడారి దేశానికి, అల్ వుకైర్‌లో ఈ బిల్డింగ్‌కి వచ్చిన రోజు నుంచీ చరితకు అక్క లాంటిది. ఇంకో మాట అడక్కుండా తానూ కింద కూర్చుంది. రెండిళ్ళ చెప్పులూ బూట్లూ గడప బయటే వరసగా ఉంటాయి. వాటి సందుల్లోంచీ, డోర్‌మ్యాట్ల కిందనుంచీ ఇద్దరూ పూసలు ఏరసాగారు.

డ్యూటీకి బయల్దేరిన జీనత్ భర్త బాసిత్ వాళ్ళని చూసి నవ్వాడు.

"ఏం పడిపోయినయ్ సిస్టర్, వజ్రాలా?" అంటూనే సేఫ్టీ బూట్లలో హడావిడిగా కాళ్ళు దూర్చాడు. "యల్లా యల్లా, లేటయితున్నది. మీ ఆయన సిద్ధార్థ్ ఆఫీసుల నా కోసమే చూస్తుంటడు."

లిఫ్ట్ అతన్ని తీసుకుని కిందికి వెళ్ళిపోయింది.

"ఎందుకు తెగిందంటావు ఆపా?" అంది చరిత.

"ఎందుకేంది? ఈ ఉక్కపోతల చెమట, దాని మీద నువ్వు కొట్టుకునే అత్తరు. స్నానం చేస్తప్పుడు గూడ తియ్యకపోతివి. ఆ లాస్టిక్ దారం ఎన్ని దినాలుంటది? కొత్త దారం ఎక్కియ్యి, అయిపాయె."

ఇంత సుళువైన జవాబు చరితకు ఏనాడూ రుచించదు. ఇంట్లోకి వెళ్ళగానే, కీడు తగలకుండా రక్షగా ఈ బ్రాస్‌లెట్ పంపిన విజయవాడ జ్యోతిష్కురాలు పుష్పకు ఫోన్ చేసింది. సంగతి వినగానే పుష్ప గొంతు తగ్గించింది.

"దానంతట అదే తెగిందా? అయితే మీ ఇంటికి రావలసిన కీడేదో అది తన మీదికి లాక్కుందండీ. మళ్ళీ గుచ్చొద్దు. ఇవాళే సముద్రంలో కలిపెయ్యండి. ఒక్కటి కూడా వదలకూడదు సుమా. పూస ఎవరి దగ్గర ఉండిపోతే కీడు వాళ్ళకే చుట్టుకుంటుంది. మొత్తం ఇరవై ఒకటి, సరిగ్గా లెక్క చూసుకోండి."

చరిత పూసల్ని పళ్ళెంలో పోసి లెక్కపెట్టింది. ఇరవై. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై.

కారిడార్ మళ్ళీ వెతికింది. మిగిలిన చెప్పులన్నీ దులిపింది. హ్యాండ్‌బ్యాగ్ బోర్లించింది, చున్నీ విదిలించింది, సోఫా జరిపింది. పూస లేదు. అంటే అది ఈ ఇంట్లోనే ఎక్కడో నక్కి ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరు మనుషులు. తను నాలుగు గోడల మధ్య క్షేమంగానే ఉంది. సిద్ధార్థ్ మాత్రం మూడింటికి ఎంతో దూరాన ఉన్న అల్ రువైస్ సైట్‌కి కారులో వెళ్ళాలి.

కిటికీ బయట దుమ్ముగాలి లేచింది. ఎదురు బిల్డింగ్ కనబడటం లేదు. చరిత ఫోన్ తీసింది.

"సిద్ధూ, కళ్ళు తిరుగుతున్నాయి. రెండుసార్లు వాంతి అయింది. వెంటనే వచ్చెయ్."

"ఇప్పుడా? అరగంటలో అల్ రువైస్ బయల్దేరాలి చరీ. జీనత్ గారిని పిలవకూడదూ?"

"నాకు నువ్వే కావాలి. సైట్‌కి ఎవరో ఒకరు వెళ్తారు. నువ్వు మాత్రం రా."

"సరే. ఎవరినైనా అడిగి చూస్తాను" అన్నాడతను.

మూడున్నరకు సిద్ధార్థ్ పరుగున వచ్చేసరికి చరిత నిక్షేపంగా మంచం కింద టార్చ్ వేసి వెతుకుతోంది. అతనికి ఒళ్ళు మండింది. అబద్ధమెందుకు ఆడావని నిలదీస్తే ఆమె దాచలేదు, అంతా చెప్పేసింది.

"పూస దొరకలేదని నన్ను డ్యూటీ మధ్యలోంచి రప్పించావా? నీకు మతి పోయిందా?"

"పోయిందనే అనుకో. ఎన్ని తిట్టినా పడతాను. నువ్వు ఇంట్లో ఉన్నావు, నాకది చాలు" అని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయం దిగిపోతుంటే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కోపం తగ్గక అతను విసురుగా స్నానానికి వెళ్ళిపోయాడు.

గాలి తగ్గితే దొరికిన పూసల్నైనా సముద్రంలో కలపడానికి వక్రా బీచ్‌కి వెళ్ళాలి. చరిత పూసల్ని రుమాల్లో మూట కట్టింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి టీ పెట్టుకుంది. మొదటి గుక్క తాగిందో లేదో కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే జీనత్. మొహం వెలిగిపోతోంది.

"చరితా, నీ పూస దొరికింది! మా ఆయన బూట్ల పడ్డదంట, ఇంతసేపు కాలికి గుచ్చుకుంటున్నా రాయనుకున్నడంట. కారు పక్కకు ఆపి చూసి ఇప్పుడే ఫోన్ చేసిండు. జేబుల భద్రంగ పెట్టుకున్నడంట, మీ ఆయన బదులు అల్ రువైస్ పోతున్నడు గదా, వచ్చేటప్పుడు తెస్తనన్నడు."