ఖరాబైతెనే రాయాలె

ఆగున్న మిల్లు పట్టీ ఒక్కసారే తిరిగి మెహమూద్ చెయ్యిని భుజం దాక గుంజుకున్నది. ఆయనను దవాఖానకు పంపి, సేటు కట్టె అందుకొని ఇస్రాయేలు మీద పడ్డడు.

"మోటరు బటను నొక్కింది నువ్వే గదరా!"

"నేను గాదు సేటూ! ఏడికెళ్లి నొక్కిండ్రో కంప్యూటర్ల చూడుండ్రి!"

మా హాలియా మిల్లుల కంప్యూటరు చూసేది నేను. దాంట్ల లోపల్లోపల ఒక ప్రోగ్రాం నడుస్తనే ఉంటది. ఏ మోటరు ఏ జాగ నుంచి నొక్కిండ్రో అన్నీ కాయితం మీద రాసేది. కాయితం ఖర్సైతే సేటుకు పాణం పోయినట్టు. ఏదన్న ఖరాబైతెనే రాయాలె, మిగిలింది బందు వెట్టుమని పోయిన వారమే నాతోని తగ్గిపిచ్చిండు.

చూసిన. "మోటరు ఖరాబు కాలే గద, ఏం రాయలే సేటూ."

కట్టె లేశింది. ఇస్రాయేలు రెండు పండ్లు రాలినయి. "అన్నా, నువ్వన్న చెప్పరాదే!" అని నా కాళ్లు పట్టుకున్నడు.

మెహమూద్ జర ఉలిక్కిపడుతడని, నా కుర్సీల కూసొని నవ్వుకుంట కంప్యూటర్ల మోటరు నొక్కింది నేనే.